వసూలుకొచ్చినవాడి జీతం

2022 మే 12న విడుదలైన 'సర్కారు వారి పాట'లో కథానాయకుడి వృత్తి అప్పులివ్వడం, వసూలు చేయడం. మయామిలో ఫైనాన్స్ ఆఫీసు నడిపే మహి దగ్గర ఒక అమ్మాయి చదువు కోసమని అబద్ధం చెప్పి పదివేల డాలర్లు తీసుకుంటుంది. ఆమె ఎగ్గొట్టాక, తండ్రి దగ్గరే తేల్చుకుందామని అతను విశాఖపట్నం వచ్చేస్తాడు. వసూలుకొచ్చేవాణ్ణి ఎప్పుడూ గుమ్మం బయటే నిలబెట్టిన తెలుగు సినిమా, అతణ్ణి తీసుకొచ్చి నాయకుడి స్థానంలో కూర్చోబెట్టడం చిన్న మార్పు కాదు. మహేశ్ బాబు అంతటి నటుడు ఆ పాత్ర వేయడం ఇంకా పెద్ద మార్పు. అయినా సినిమా చూశాక నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. బ్యాంకు తరఫున మన తలుపు తట్టేవాడికి నెలకెంత వస్తుంది? ఆ సినిమాకు ఆ ప్రశ్నతో పనిపడలేదు. మహి ఎవరి దగ్గరా జీతగాడు కాడు, తన డబ్బు తానే రాబట్టుకునే యజమాని.

బ్యాంకు బాకీల లోకంలో అలాంటి యజమాని మన వీధిలోకి రాడు. వచ్చేవాడు ఒక ఏజెన్సీ కుర్రాడు. అతను తెచ్చే డబ్బు అతనిది కాదు, ఏజెన్సీదీ కాదు. అతని కోపం, అతని తొందర, అతని గొంతు పెరగడం, అన్నీ నెలాఖరున చేతికొచ్చే లెక్కతో ముడిపడి ఉంటాయి. ఆ లెక్కను వదిలేసిన సినిమా అప్పు గురించి ఎంత గట్టిగా మాట్లాడినా సగమే మాట్లాడినట్టని నా వాదన. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో కథలు రాసేవాళ్లు ఆ లెక్క తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. కొండ దిగితే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ. అక్కడి గదుల్లో బాకీపడ్డవాళ్లూ ఉంటారు, వసూలు చేసేవాళ్లూ ఉంటారు.

ముందుగా ఓ పాత సినిమాను దీని పక్కన పెట్టి చూడాలి. 1959లో విజయా వారు ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో తీసిన 'అప్పు చేసి పప్పు కూడు'లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వేసిన రామదాసు అప్పుల మీద దర్జా వెలగబెట్టే మనిషి. బాకీ అడగడానికొచ్చిన వాళ్లను మాటలతో మభ్యపెట్టి పంపేస్తాడు. కొడుకు పెళ్లిని అడ్డం పెట్టుకుని జమీందారు ఆస్తి చేజిక్కించుకోవాలని ఎత్తులు వేస్తాడు. కథ చూపంతా బాకీపడ్డవాడి మీదే. అప్పిచ్చినవాళ్లు నవ్వు పుట్టించడానికి వచ్చి పోయే గుంపు. 'సర్కారు వారి పాట' దీన్ని పూర్తిగా తలకిందులు చేసింది. ఇక్కడ నాయకుడు వసూలుదారు, దొంగదర్జా వెలగబెట్టే బాకీదారు ప్రతినాయకుడు. ఆ అమ్మాయి తండ్రిగా సముద్రఖని వేసిన రాజేంద్రనాథ్ పారిశ్రామికవేత్త, పైగా పార్లమెంటు సభ్యుడు. రామదాసు చేసిన పనే అతనూ చేస్తున్నాడు. మొత్తం మాత్రం వేల నుంచి వేల కోట్లకు పెరిగింది, నవ్వు కాస్తా కసిగా మారింది.

జీతం మాట ఎత్తనందుకు 1959 నాటి సినిమాను నేను తప్పు పట్టను. ఆ కాలంలో అప్పిచ్చినవాడే వసూలుకొచ్చేవాడు, లేదంటే తన గుమాస్తాను పంపేవాడు. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఒకే ఊరివాళ్లు. ఒకరి గుట్టు ఒకరికి తెలుసు. పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేసింది 1969లో. బండికి, ఫోనుకు, ఫ్రిజ్‌కు, పెళ్లికి కూడా లోన్ దొరకడం, ఆ లోన్ వాయిదాలు తప్పితే వసూలు పనిని బ్యాంకు బయటి ఏజెన్సీకి అప్పగించడం తొంభైల తర్వాతి సంగతి. కాబట్టి పాత సినిమాలో కనిపించని మనిషి అప్పటికి సమాజంలోనే సరిగా లేడు. 2022 నాటికి మాత్రం అతను ప్రతి కాలనీలో ఉన్నాడు. అందుకే కొత్త సినిమాలో అతను లేకపోవడం లోటుగా కనిపిస్తుంది.

పరశురామ్ తీసిన ఈ సినిమాలో నిజమైన కోపం ఉంది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. బ్యాంకు బాకీ తీర్చలేక తల్లిదండ్రులు ప్రాణం తీసుకుంటే అనాథగా పెరిగినవాడు మహి. అప్పు ఎగ్గొట్టడాన్ని అతను ఎందుకు భరించలేడో ఆ బాల్యం చెబుతుంది. విశాఖలో అతను రాజేంద్రనాథ్‌ను అడిగేది పదివేల డాలర్లతో ఆగదు, బ్యాంకుకు ఎగ్గొట్టిన పదివేల కోట్లు కక్కమంటాడు. చిన్న అప్పువాడు పరువు పోయిందని ఉరి వేసుకుంటుంటే పెద్ద అప్పువాడు చట్టసభలో కూర్చుంటున్నాడని సినిమా వేసే కేక ప్రేక్షకుడికి సూటిగా తగిలింది. దాదాపు 9,000 కోట్ల బ్యాంకు బాకీలు మిగిల్చి విజయ్ మాల్యా 2016లో దేశం దాటిన సంగతి జనం ఇంకా మరిచిపోలేదు. బ్యాంకు ఉద్యోగి మీద పడే ఒత్తిడిని నదియా పాత్ర ద్వారా సినిమా తడిమింది కూడా. తెలుగు వాణిజ్య సినిమాలో ఇంత చేయడం మెచ్చుకోవాల్సిన విషయమే.

ఇక్కడే నాకు పేచీ. చిన్న బాకీదారుకు, పెద్ద బాకీదారుకు మధ్య తేడా చూపాలని ఈ సినిమా తాపత్రయపడింది. వాళ్ల దగ్గరికి వసూలుకు వెళ్లేవాళ్ల మధ్య తేడాను చెరిపేసింది. పదివేల డాలర్లకూ పదివేల కోట్లకూ ఒకే మహి, ఒకే పిడికిలి. బయట అలా జరగదు. కోట్ల బాకీ అయితే 2016 నాటి దివాలా చట్టం కింద జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళుతుంది. అక్కడ రిజల్యూషన్ ప్రొఫెషనళ్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు, సీనియర్ న్యాయవాదులు ఉంటారు. వాళ్ల ఫీజు ముందే రాసుకున్న ఒప్పందం. సొమ్ము రాకపోయినా ఫీజు వస్తుంది. ఇంత చేసీ ఆ దారిలో రుణదాతలకు తిరిగొచ్చింది ఒప్పుకున్న క్లెయిముల్లో దాదాపు మూడో వంతు. అరవై వేల బండి లోన్ అయితే ఆ ఆర్భాటమేదీ ఉండదు. హెల్మెట్ తగిలించుకుని ఒక కుర్రాడు వస్తాడు. సొమ్ము వస్తేనే అతనికి నాలుగు డబ్బులు. వసూలు చేయలేకపోయినా ఫీజు పుచ్చుకునేవాడు మర్యాదగా మాట్లాడతాడు. వసూలు చేస్తే తప్ప ఇంటి అద్దె కట్టలేనివాడు గొంతు పెంచుతాడు. పెద్దవాడి బాకీకి మర్యాద, చిన్నవాడి బాకీకి అవమానం ఎందుకు దక్కుతున్నాయో ఈ ఒక్క తేడాలో చాలావరకు ఉంది. సినిమా ఎత్తిన ప్రశ్నకు జవాబు అదే, సినిమా మాత్రం దాని పక్క నుంచే వెళ్లిపోయింది.

ఆ కుర్రాడి లెక్క కాస్త దగ్గర నుంచి చూద్దాం.

హైదరాబాద్‌లో ఫీల్డ్ కలెక్షన్ ఉద్యోగాల ప్రకటనలు తిరగేస్తే స్థిర జీతం ఎక్కువగా నెలకు పదిహేను వేలకూ ఇరవై అయిదు వేలకూ మధ్య కనిపిస్తుంది. ఆఫీసులో కూర్చుని ఫోన్లు చేసే టెలికాలర్‌కు సాధారణంగా అంతకంటే కాస్త తక్కువ. దానికి తోడు పెట్రోల్ అలవెన్స్, ఆపైన 'ఆకర్షణీయమైన ఇన్సెంటివ్‌లు'. ఇచ్చేది బ్యాంకు కాదు, బ్యాంకుతో ఒప్పందం ఉన్న ఏజెన్సీ. ప్రభుత్వ రంగ బ్యాంకులో కౌంటర్ వెనక కూర్చునే క్లర్కుకు 2024 మార్చి నాటి పన్నెండో ద్వైపాక్షిక ఒప్పందం ప్రకారం మొదటి మూల వేతనమే 24,050 రూపాయలు. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, పింఛను పథకం, యూనియన్ అండ దానికి అదనం. బాకీపడ్డవాడి కళ్లకు ఇద్దరూ 'బ్యాంకువాళ్లే'. బాకీ మంచిగా ఉన్నంత కాలం దాన్ని చూసుకునేది మొదటివాడు. అది చెడిపోయాక తిట్లు తినడానికి వెళ్లేది రెండోవాడు. కష్టమైన పని రెండోవాడిది, భద్రత మొదటివాడిది.

ఇన్సెంటివ్ ఎలా పుడుతుందో తెలిస్తే మిగతా కథ తెలిసినట్టే. ఈ వృత్తిలో బాకీలను బకెట్లుగా విడదీస్తారు. ఒక ఈఎంఐ తప్పితే మొదటి బకెట్, రెండు తప్పితే రెండోది, మూడు తప్పితే మూడోది. తొంభై రోజులు దాటితే అది ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఇంకా ముదిరితే బ్యాంకు దాన్ని 'రైటాఫ్' చేసి పుస్తకాల్లోంచి తీసేస్తుంది, వసూలు ప్రయత్నం మాత్రం ఆపదు. తాజా బాకీ తేలిగ్గా వస్తుంది కనుక ఏజెన్సీకి ముట్టే వాటా తక్కువ. పాతబడేకొద్దీ వాటా పెరుగుతుంది. రైటాఫ్ అయినవాటిలో రెండంకెల శాతానికి చేరుతుంది. ఏజెన్సీకి వచ్చినదాంట్లోంచి కుర్రాడికి వచ్చేది కొంత. అది కూడా టార్గెట్ దాటితేనే. ఇన్ని కేసులు తేల్చాలని ఒక టార్గెట్, ఇంత సొమ్ము రాబట్టాలని ఇంకొకటి. గీతకు కాస్త ఇవతల ఆగిపోతే నెలంతా తిరిగిన తిరుగుడుకు స్థిర జీతమే దిక్కు.

అతని ఫోన్‌లోని యాప్ తెరిస్తే ఈ జీవితం మొత్తం కనిపిస్తుంది. పేరు, చిరునామా, బాకీ ఎంత, ఎన్ని రోజులైంది, ఇంతకుముందు వెళ్లినవాడు ఏం రాశాడు. ప్రతి ఇంటి ముందూ నిలబడి ఫొటో తీయాలి, ఆ చోటు జీపీఎస్‌లో నమోదవుతుంది. తర్వాత ఒక గడి నింపాలి. 'డోర్ లాక్'. 'నాట్ అట్ హోమ్'. 'షిఫ్టెడ్'. 'పీటీపీ', అంటే ఫలానా తేదీకి కడతానని మాటిచ్చాడని. ఆ తేదీ తప్పితే 'బ్రోకెన్ పీటీపీ' అని ఎర్రగా చూపిస్తుంది. ఆఫీసులో టీమ్ లీడర్ పొద్దున్నే ఆ ఎర్ర గీతల లెక్కే అడుగుతాడు. అవతలి మనిషికి కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడని, షూటింగ్ ఆగిపోయి పని లేదని రాయడానికి యాప్‌లో గడి ఉండొచ్చు. అలా రాసినందుకు మాత్రం పైసా రాదు.

పెట్రోల్ ఒక్కటీ లెక్కేసినా సంగతి అర్థమవుతుంది. రోజుకు అరవై కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాం, బండి లీటరుకు నలభై అయిదు ఇస్తుందనుకుందాం. లీటరు నూట ఏడు రూపాయలనుకుంటే ఇరవై అయిదు పనిరోజులకు మూడున్నర వేలు దాటుతుంది. అలవెన్స్ రెండు వేలైతే మిగతా పదిహేను వందలు అతని జేబులోంచే. పద్దెనిమిది వేల జీతగాడికి అది చిన్న మొత్తం కాదు. ఆ బండి కూడా వాయిదాల మీద కొన్నదైతే, తను ఏ బకెట్‌లోవాళ్లను వెంటాడుతున్నాడో ఆ బకెట్‌లోకి తను జారిపోకుండా చూసుకోవడం అతనికి ఇంకో ఉద్యోగం.

తెలుగు తెర మీద జీతాన్ని అంకెతో సహా చెప్పి, ఆ అంకె మీద కథ నిలబెట్టిన సినిమా లేకపోలేదు. 2024 దీపావళికి వచ్చిన వెంకీ అట్లూరి 'లక్కీ భాస్కర్' అలాంటిదే. 1989 నాటి బొంబాయి, మగధ బ్యాంకులో క్యాషియర్, జీతం ఆరు వేలు. భాస్కర్‌గా వేసిన దుల్కర్ సల్మాన్ గొంతులో ఆ ఆరు వేలు వినిపించిన క్షణం నుంచి ప్రతి దృశ్యంలో ప్రేక్షకుడు తనకు తెలియకుండానే కూడికలు, తీసివేతలు చేస్తుంటాడు. అప్పులవాళ్ల ముందు తల వంచుకోవడం, బంధువుల ఇంట్లో చులకన కావడం, ప్రమోషన్ చేజారడం ఇవన్నీ ఆ అంకె వల్లే బరువెక్కుతాయి. 'సర్కారు వారి పాట'లో పదివేల కోట్లు అనే మాట చాలాసార్లు వినిపించినా ప్రేక్షకుడు దాన్ని ఊహించుకోలేడు. ఆరు వేలను ఊహించుకోగలడు. అప్పు కథకు చిన్న అంకెలే బలమని ఈ రెండు సినిమాలనూ పక్కపక్కన పెడితే తేలిపోతుంది.

అలాగని 'లక్కీ భాస్కర్' మన ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పిందనలేను. జీతం చాలని మనిషి చేతిలో రోజూ లక్షలు తిరగడం ఎంత ప్రమాదమో మొదటి అరగంటలో గొప్పగా చూపించి, తర్వాత ఆ మనిషిని తెలివితో అందరినీ బోల్తా కొట్టించే గెలుపు కథలోకి మళ్లించేసింది. ఆరు వేలతో నిజాయితీగా బతికేవాడు చివరికి ఏమవుతాడనే దారిలో సినిమా నడవలేదు. పైగా భాస్కర్ బ్యాంకు సొంత ఉద్యోగి. అతని మీద విచారణ జరిగితే దానికో పద్ధతి ఉంటుంది. వసూలుకెళ్లే కుర్రాడి జేబులోనూ మధ్యాహ్నానికి పరాయి సొమ్ము చేరుతుంది. అందులో అయిదు వందలు తేడా వస్తే విచారణ ఉండదు, మర్నాటి నుంచి యాప్ తెరుచుకోదు. భాస్కర్‌ను సృష్టించిన శ్రద్ధతోనే ఈ కుర్రాణ్ణి కూడా రాయగలవాళ్లు మన పరిశ్రమలో ఉన్నారని ఆ సినిమా రుజువు చేసింది. అందుకే ఇంకా రాయకపోవడం బాధ కలిగిస్తుంది.

ఫిల్మ్‌నగర్‌కు అప్పు కొత్త విషయం కాదు. నూటికి రెండు రూపాయల, మూడు రూపాయల వడ్డీకి ఫైనాన్షియర్ దగ్గర తెచ్చి సినిమా మొదలుపెట్టడం ఇక్కడ తరతరాల రివాజు. సినిమాకు పరిశ్రమ హోదా ఇస్తామని 1998లో కేంద్ర మంత్రి సుష్మా స్వరాజ్ ప్రకటించిన తర్వాత కూడా బ్యాంకు రుణం చాలామంది నిర్మాతలకు అందని పండే. ఆ ప్రైవేటు అప్పుల వసూలుకు ఇక్కడ పద్ధతి ఉంది. రీళ్ల కాలంలో నెగెటివ్ ల్యాబ్‌లో ఉండేది. ఫైనాన్షియర్‌కు ఇచ్చిన ల్యాబ్ లెటర్ ప్రకారం అతను సరేనంటేనే ప్రింట్లు కదిలేవి. ఇప్పుడు డిజిటల్ 'కీ' వచ్చింది. థియేటర్‌లో సినిమా తెరుచుకోవాలంటే ఆ కీ రావాలి, కీ రావాలంటే బాకీల లెక్క తేలాలి. విడుదలకు ముందు రాత్రి ఆఫీసుల్లో లైట్లు వెలుగుతూ ఉండటం, తెల్లవారుజామున 'క్లియరెన్స్ వచ్చింది' అన్న ఫోన్ కోసం ఎదురుచూడటం పరిశ్రమలో అందరికీ అనుభవమే.

ఇటీవలి ఉదాహరణ అందరికీ గుర్తుంటుంది. 2025 డిసెంబర్ 5న రావలసిన 'అఖండ 2' ఆఖరి ఘడియలో ఆగింది. ఆ నిర్మాతల పాత సంస్థ 14 రీల్స్ ఎంటర్‌టైన్‌మెంట్ నుంచి తమకు రావలసిన సొమ్ము కోసం ఈరోస్ సంస్థ మద్రాసు హైకోర్టుకు వెళ్లడంతో విడుదలకు అడ్డు పడింది. వారం తర్వాత, డిసెంబర్ 12న సినిమా థియేటర్లకు వచ్చింది. నిర్మాణ సంస్థ 14 రీల్స్ ప్లస్. 'సర్కారు వారి పాట' నిర్మాతల్లో ఆ సంస్థ కూడా ఒకటి. ఆ వివాదంలో ఎవరి వాదన ఎంత సబబో తేల్చడానికి ఈ మాట ఎత్తలేదు. వసూలు తీరు మీదే నా దృష్టి. ఎవరూ ఎవరి ఇంటి ముందూ కేకలు వేయలేదు. ఎవరి ముసలి తల్లికీ ఫోన్ చేసి మీ అబ్బాయి దొంగ అని చెప్పలేదు. కోర్టు కాగితాలు, న్యాయవాదులు, ఎదురెదురు కూర్చుని మాటలు, చివరికి విడుదల. కోట్ల అప్పు వసూలుకు ఇంత గౌరవమైన దారి ఉందని ఫిల్మ్‌నగర్‌కు స్వయంగా తెలుసు. తెర మీద మాత్రం వసూలంటే ఫైట్ మాస్టర్ పనిగానే మిగిలిపోయింది.

ఫిల్మ్‌నగర్ కొండ కింద అదే అప్పు ఇంకో రకంగా వసూలవుతుంది. కృష్ణానగర్‌లో ఉండే లైట్‌మన్, మేకప్ అసిస్టెంట్, జూనియర్ ఆర్టిస్ట్, డ్రైవర్, అందరిదీ రోజుకూలీ బతుకు. షూటింగ్ ఉంటే బత్తా, లేకపోతే లేదు. 2020 మార్చిలో కరోనాతో షూటింగులు ఆగినప్పుడు చిరంజీవి నేతృత్వంలో కరోనా క్రైసిస్ ఛారిటీ పెట్టి సినీ కార్మికులకు నిత్యావసరాలు పంచాల్సి వచ్చింది. ఈఎంఐల మీద రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం ఆగస్టుతో ముగిసింది, పనులు మాత్రం అంత త్వరగా పుంజుకోలేదు. 2025 ఆగస్టులో ముప్పై శాతం వేతన పెంపు కోరుతూ సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మె చేసినప్పుడూ రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచాయి. అలాంటి నెలల్లో ఈఎంఐ తప్పినవాడి గదికి వెళ్లే వసూలు కుర్రాడు కూడా అదే ఇరుకు సందుల్లో అద్దెకుండేవాడు కావచ్చు. ఇద్దరి సంపాదనా దాదాపు ఒకటే. ఇద్దరూ నెలాఖరుకు భయపడేవాళ్లే. ఒకడు కట్టలేనందుకు అవమానపడతాడు, ఇంకొకడు కట్టించలేనందుకు. గుమ్మానికి అటూ ఇటూ నిలబడ్డ ఈ ఇద్దరి సంభాషణలో ఉన్నంత నాటకం పదివేల కోట్ల రాజేంద్రనాథ్ ఇంటి ముందు లేదని నా గట్టి నమ్మకం.

వసూలుదారు దౌర్జన్యానికీ అతని ప్రతిఫలానికీ ఉన్న సంబంధం నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 2008 ఏప్రిల్ 24న రిజర్వు బ్యాంకు రికవరీ ఏజెంట్ల గురించి ఇచ్చిన సర్క్యులర్‌లో ఆ సంగతి స్పష్టంగా ఉంది. కొన్ని బ్యాంకులు మరీ కఠినమైన టార్గెట్లు, భారీ ప్రోత్సాహకాలు పెట్టడం వల్లే ఏజెంట్లు బెదిరింపులకు దిగుతున్నారని, ఒప్పందాలు అలాంటి ప్రవర్తనను పురికొల్పకుండా చూసుకోవాలని బ్యాంకులకు చెప్పింది. అంతకు ముందు ఏడాది ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు, కండబలంతో బాకీలు వసూలు చేసే పద్ధతిని తప్పుపట్టింది. ఏజెంట్లకు శిక్షణ తప్పనిసరి చేశారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ (ఐఐబీఎఫ్) నడిపే డెట్ రికవరీ ఏజెంట్ (డీఆర్‌ఏ) కోర్సు డిగ్రీ ఉన్నవాళ్లకు యాభై గంటలు, లేనివాళ్లకు వంద గంటలు. 'సర్కారు వారి పాట' వచ్చిన మూడు నెలలకు, 2022 ఆగస్టు 12న, ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని మరో సర్క్యులర్ వచ్చింది. ఆ సెప్టెంబర్‌లోనే, జార్ఖండ్‌లో ట్రాక్టర్ జప్తు చేస్తుండగా ఒక గర్భిణి చనిపోయిన తర్వాత, బయటి ఏజెన్సీలతో వసూళ్లు చేయించవద్దని మహీంద్రా ఫైనాన్స్‌ను రిజర్వు బ్యాంకు కొంతకాలం కట్టడి చేసింది. వేళలు, శిక్షణ, గుర్తింపు కార్డు, అన్నిటి మీదా నిబంధనలు గట్టిపడ్డాయి. జీతం దగ్గరికి వచ్చేసరికి 2008లో చెప్పిన ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది. ఉద్యోగ ప్రకటనల్లో ఇవాళ్టికీ స్థిర జీతం కంటే ఇన్సెంటివ్ మాటే పెద్దగా కనిపిస్తోంది.

మన రాష్ట్రానికి ఇది బాగా తెలిసిన పాఠం. 2010లో సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్లు పల్లెల్లో ఆత్మహత్యల దాకా వెళ్లినప్పుడు ఆ అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఇళ్ల మీదికి వెళ్లకూడదు, నెలవారీగానే, గ్రామ పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే వసూలు చేయాలన్నారు. ఆ ఆగస్టులోనే స్టాక్ మార్కెట్‌లో అడుగుపెట్టిన అతి పెద్ద సూక్ష్మరుణ సంస్థ ఎస్‌కేఎస్ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉండేది. గుంపు సమావేశంలో కూర్చుని కంతులు లెక్కపెట్టిన ఫీల్డ్ సిబ్బంది చాలామంది మన పల్లెల్లో పుట్టి డిగ్రీ చదివిన పిల్లలే. పదేళ్ల తర్వాత, 2020 డిసెంబర్‌లో, లోన్ యాప్‌ల వేధింపుల మీద హైదరాబాద్ పోలీసులు దాడులు చేసినప్పుడు కాల్‌సెంటర్లలో దొరికినవాళ్లలోనూ ఎక్కువమంది నెల జీతానికి చేరిన యువతీ యువకులు. లాభం తీసుకున్న పెద్దలు వేరు. ఇన్ని జరిగాయి, ఇక్కడే జరిగాయి. వాళ్లలో ఒక్కరి చూపుతోనైనా నడిచే పెద్ద తెలుగు సినిమా నాకింకా కనబడలేదు.

మూడు సినిమాల్లో నా ఓటు 'లక్కీ భాస్కర్' మొదటి అరగంటకే. 'అప్పు చేసి పప్పు కూడు' బాకీదారు మనస్తత్వాన్ని పట్టుకుంది. 'సర్కారు వారి పాట' అన్యాయాన్ని పట్టుకుంది, దాని యంత్రాంగాన్ని పట్టుకోలేకపోయింది. జీతం అంకె పలికి, ఆ అంకె మనిషిని ఎలా వంచుతుందో చూపే ధైర్యం 'లక్కీ భాస్కర్' ఒక్కదానికే ఉంది, అది కూడా కాసేపే. ఫిల్మ్‌నగర్‌లో కథలు రాసే మిత్రులకు నా విన్నపం, వసూలు కుర్రాడి పే స్లిప్ ఒకటి సంపాదించి దాని ఎదురుగా కూర్చుని రాయండి. కథ అందులో ఉంది.

పాఠకులకు ఒక మాట. మీ గుమ్మంలోకి ఎవరైనా వసూలుకొస్తే గుర్తింపు కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగండి. రసీదు లేకుండా నగదు ఇవ్వకండి. అతను హద్దు మీరితే తేదీ, సమయం రాసిపెట్టుకుని ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి, వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు. ఆ ఫిర్యాదులో ఏజెంట్‌కు ఏ లెక్కన డబ్బిస్తున్నారని కూడా బ్యాంకును అడగండి. ఏజెంట్ చేసిన పనికి జవాబుదారీ బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది.